మేనమామ ఋణం మరదలితో తీరదు

అమ్మా, నా వయసు 27. మాది తిరుపతి. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న పోయారు. అప్పటి నుంచి నన్నూ అమ్మనూ మా మేనమామే చూసుకున్నాడు. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఆయనకు చిన్న పూజాసామగ్రి అంగడి ఉంది. నా స్కూలు ఫీజు, కాలేజీ ఫీజు, చెన్నైలో మొదటి ఆరు నెలల గది అద్దె, అన్నీ ఆ అంగడి నుంచే వచ్చాయి. ఆయన పద్దు పుస్తకంలో వీధిలో అందరి బాకీలూ ఉంటాయి. నా పేరు మీద మాత్రం ఒక్క పేజీ కూడా లేదు.

మూడేళ్లుగా మోడలింగ్ చేస్తున్నాను. పట్టుపంచెలు, షర్టులు, పెళ్లి బట్టల ప్రకటనలే ఎక్కువ. రెండేళ్ల క్రితం ఒక షూటింగులో నేను పెళ్లికొడుకును. పక్కన నిలబడే స్నేహితుడి పాత్రకు నగరి నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్లది మరమగ్గాల కుటుంబం. షర్టు ఒంటికి అతికినట్టు కనిపించాలని వెనక బట్ట మడిచి వరసగా క్లిప్పులు పెడతారు. పని అయ్యాక అందరూ భోజనాలకు వెళ్లిపోతే, నా వీపు మీది క్లిప్పులు ఒక్కొక్కటిగా తీసింది అతనే. చర్మం కందిపోయిందని చూసి కొబ్బరినూనె తెచ్చాడు. అలా మొదలైంది. ఇప్పుడు ఇద్దరం ఒకే గదిలో ఉంటున్నాం. చాలా ప్రకటనల్లో కలిసే పని చేస్తున్నాం. అతను లేని జీవితం నాకు ఊహకు అందదు.

ఆ పెళ్లి బట్టల హోర్డింగ్ తిరుపతిలో పెట్టినప్పుడు మామయ్య స్కూటరు ఆపి చాలాసేపు చూశాడు. దారిన పోయేవాళ్లను పిలిచి మా మేనల్లుడు అని చూపించాడు. ఆ తర్వాత, 'నీ పక్కన ఉన్న అబ్బాయి ఎవరు?' అని అడిగాడు. 'ఎవరో, కంపెనీ వాళ్లు పిలిపించారు, పేరు గుర్తులేదు' అన్నాను.

ఇప్పుడు మామయ్య తన కూతురిని నాకు ఇస్తానంటున్నాడు. మరదలికి 23 ఏళ్లు, బీఈడీ పూర్తి చేసింది. ఆషాఢం పోగానే శ్రావణంలో ముహూర్తం. అమ్మ సంతోషంతో ఏడ్చేసింది. నేను కాదనలేకపోయాను. నిశ్చితార్థం బట్టలకు వచ్చే ఆదివారం అందరూ కంచికి వెళ్తున్నారు. నగరి అబ్బాయి మాత్రం, 'నీ పెళ్లి రోజే నేను మా ఊరు వెళ్లిపోతాను, ఆ తర్వాత నన్ను వెతకవద్దు' అన్నాడు.

నా ఏడో ఏట అమ్మ మొక్కుకుని గంగ జాతరలో నాకు చీర కట్టి వేషం వేయించింది. దానివల్లే ఇలా అయ్యానా? చెన్నైలో ఒకాయన హిప్నాటిజంతో మార్చేస్తానని 40,000 రూపాయలు అడుగుతున్నాడు, వెళ్లమంటారా? మోడలింగ్ మానేస్తే ఈ ఆలోచనలు పోతాయా? పెళ్లయితే నెమ్మదిగా నేనే మారతానేమో అని కూడా అనిపిస్తోంది. మామయ్యకు తెలిస్తే అతని మీద పోలీసు కేసు పెడతాడేమోనని భయంగా ఉంది.

— పేరు ప్రచురించవద్దు, తిరుపతి

నాయనా, నన్ను అమ్మా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. నీ ఉత్తరంలో ప్రశ్నలన్నీ చివర గుంపుగా ఉన్నాయి. వాటిని ముందు తేల్చేస్తాను. అసలు మాట్లాడవలసిన విషయం వేరే ఉంది.

గంగ జాతర వేషానికీ నీ మనసుకూ ఏ సంబంధమూ లేదు. ఈ ప్రాంతాన్ని ఏలిన దుర్మార్గపు పాలెగాణ్ని వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం వేసిందని మన ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ తల్లికి మొక్కుకుని మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని తాతయ్యగుంటలోని గంగమ్మ గుడికి వెళ్తారు. తాతలు వెళ్తారు, మనవలు వెళ్తారు. మర్నాడు చీర విప్పి ఎవరి పనికి వాళ్లు పోతారు. దానివల్లే మనసు మారేదైతే ఆ వీధుల్లో ఏ ఇంట్లోనూ పెళ్లిళ్లు జరిగేవి కావు. మీ అమ్మ మొక్కు మీద నింద వేయకు. నీకు జ్వరమో, మరో గండమో గడవాలని కోరుకుని ఆ తల్లి నీకు చీర కట్టింది.

హిప్నాటిజం మనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ప్రేమను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. అప్పటికి నువ్వింకా పుట్టనేలేదు. లేని జబ్బుకు మందు ఎవరిస్తారు? ఇలా మార్చేస్తామని చేసే చికిత్సలను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా చూడాలని 2022లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాల వైద్య మండళ్లకు చెప్పింది. ఆ 40,000 దాచుకో, వేరే పనికి వస్తాయి. అది ఏ పనో తర్వాత చెబుతాను.

మోడలింగ్ మానేయడం గురించి ఒక్క మాట చాలు. నిన్ను ఇలా మార్చింది కెమెరా కాదు. కెమెరా ముందు నువ్వు అతన్ని కలిశావు, అంతే. బ్యాంకులో పనిచేసి ఉంటే బ్యాంకులో కలిసేవాడివేమో.

పోలీసుల భయం కూడా వదిలెయ్. పెద్దవాళ్లయిన ఇద్దరు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు చెప్పేసింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక యువతిని పుట్టింటివాళ్లు ఇంట్లో బంధిస్తే, ఆమెతో ప్రేమలో ఉన్న స్నేహితురాలు కోర్టుకు వెళ్లింది. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న వేలూరు పోలీసులను ప్రతివాదులుగా చేర్చిన కేసు అది. కోర్టు ఆ యువతికి స్వేచ్ఛ ఇవ్వడమే కాకుండా, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదని కూడా అంది. ఇద్దరు మగవాళ్ల పెళ్లికైనా ఇద్దరు ఆడవాళ్ల పెళ్లికైనా మాత్రం మన దేశంలో చట్టం గుర్తింపు లేదు, 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని చట్టసభలకే వదిలేసింది. ఇది కూడా తెలిసి ఉండాలని రాస్తున్నాను.

ఇక అసలు విషయానికి వద్దాం.

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. అందులో నీ ప్రేమ గురించి నాకు ఏ అనుమానమూ కలగలేదు. వీపు కందిందని చూసి నూనె తెచ్చిన మనిషిని నువ్వు ప్రేమించావు, అది అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నన్ను కలవరపెట్టింది పద్దు పుస్తకం. అందరి బాకీలూ ఉన్న ఆ పుస్తకంలో నీకు పేజీ లేదని ఎంతో గౌరవంతో రాశావు. మరి ఆయన తెరవని పేజీని నువ్వెందుకు తెరిచావు? పద్దెనిమిదేళ్లుగా ఆ పేజీలో రోజూ లెక్క రాసుకుంటూ వచ్చింది నువ్వు. ఫీజు ఇంత, అద్దె ఇంత, పండక్కి బట్టలు ఇంత. ఇప్పుడు ఆ లెక్క మొత్తానికి చెల్లుగా ఆయన కూతురి జీవితాన్ని రాయబోతున్నావు. మీ మామయ్య అడగని అప్పును, ఆయన సొంత బిడ్డతో ఆయనకే తిరిగి చెల్లిస్తావా?

మన ఇళ్లలో మేనమామ అంటే ఏమిటో నాకు తెలుసు. తండ్రి లేని పిల్లవాడికి అన్నప్రాసన ముద్ద పెట్టినా, పరీక్ష ఫీజు కట్టినా, ఊళ్లో ఎవరైనా ఒక మాట అంటే అడ్డం నిలబడినా ఆయనే. అలాంటి మనిషి 'నా బిడ్డను నీకిస్తాను' అంటే దాని అర్థం, ఈ లోకంలో ఆయన అందరికంటే ఎక్కువగా నమ్మింది నిన్నేనని. నువ్వు ఆ మాటను బాకీ వసూలుగా విన్నావు. ఆయన చేసింది వసూలు కాదు, నీ మీద నమ్మకం పెట్టడం. నమ్మకం పెట్టినవాడికి ఇవ్వవలసింది నిజం ఒక్కటే. ఆయనకు నువ్వు అల్లుడివి కాకపోయినా మేనల్లుడివిగానే ఉంటావు. అబద్ధంతో అల్లుడివైతే మాత్రం రెండూ పోతాయి.

పెళ్లయితే మారతానేమో అన్నావు. ఈ ఒక్క వాక్యం చదివినప్పుడు నాకు కోపం వచ్చిందని దాచకుండా చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం ఒకామె నా దగ్గరకు వచ్చింది. పెళ్లయి పదకొండేళ్లు. భర్త మంచివాడు, గట్టిగా మాట్లాడడు, జీతం మొత్తం తెచ్చి చేతిలో పెడతాడు. ఆమెను ముట్టుకోడు. ఆమె తనలోనే ఏదో లోపం ఉందనుకుంది. ముందు లావు తగ్గింది. తర్వాత సన్నగా ఉన్నానేమోనని మళ్లీ తినడం మొదలుపెట్టింది. తిరుచానూరులో శుక్రవారాలు ఉపవాసం ఉంది, తెల్లవారుజామున తడిబట్టతో ప్రదక్షిణలు చేసింది. పిల్లలు లేరని అత్తగారి తరఫు వాళ్లు అన్న మాటలన్నీ మూటగట్టుకుంది. చివరికి భర్తే ఒక రాత్రి నిజం చెప్పి ఏడ్చాడు. ఆ ఉదయమే ఆమె నా ముందు కూర్చుంది. అప్పుడామె అడిగిన ప్రశ్న నేను ఇంతవరకు మరిచిపోలేదు. 'నాలో ఏ లోపమూ లేదని నాకు పదకొండేళ్ల ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది, అమ్మా?' ఆమె భర్త చెడ్డవాడు కాదు. నీలాంటివాడే. పెద్దల మాట కాదనలేక తల ఊపినవాడు.

మీ మరదలు బీఈడీ చదివిందని రాశావు, వయసు రాశావు. ఆమెకు ఏం ఇష్టమో, ఆమె ఎలా నవ్వుతుందో, నిన్ను ఎలా చూస్తుందో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ లెక్కలో ఆమె ఒక అంకె అయిపోయింది. రేపు ఉద్యోగం వచ్చి, పిల్లలకు పాఠం చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తీసే ఒక మనిషి ఆమె. ఆ మనిషికి భర్త ప్రేమ మీద హక్కు ఉంది. ఆ హక్కును నువ్వు ఇవ్వలేవని నీకు తెలుసు. తెలిసీ తాళి కడితే ఆమెను మోసం చేసినట్టే. ఆ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. చట్టం కూడా దాన్ని మోసంగా చూడవచ్చు. ముఖ్యమైన సంగతి దాచి, మోసంతో సమ్మతి తీసుకున్న పెళ్లిని రద్దు చేయమని కోరే వీలు 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. ఆ మెట్లు ఎక్కే పరిస్థితి ఆ పిల్లకు రానివ్వకు.

నీ వృత్తి నుంచే ఒక మాట చెబుతాను. ముందు నుంచి చూసేవాళ్లకు షర్టు ఎంత చక్కగా ఉందో అనిపిస్తుంది, వెనక వరసగా క్లిప్పులు. ఫొటో తీసేంతసేపు అలా నిలబడటం కూలి పని, తప్పేమీ లేదు. జీవితాంతం అలా నిలబడితే నీ వీపు కందుతుంది. ఆ క్లిప్పులు తీసేవాడు నగరి వెళ్లిపోతాడు. నీ మరదలేమో ఎదురుగా నిలబడి, ముందువైపు మాత్రమే చూస్తూ ముసలిదైపోతుంది.

ఆ నగరి అబ్బాయి మాట నాకు నచ్చింది. నీ పెళ్లయ్యాక దొంగచాటుగా ఉందామని అనలేదు. వెళ్లిపోతానన్నాడు. అతనికి ఆత్మగౌరవం ఉంది, ఇంకో ఆడపిల్ల మీద దయ ఉంది. అలాంటి మనిషి గురించి హోర్డింగ్ కింద నిలబడి నువ్వేమన్నావు? పేరు గుర్తులేదన్నావు. ఆ మాట అతనికి చెప్పావా? చెప్పి ఉండవని నా ఊహ. ముందు అతనికి చెప్పి క్షమాపణ అడుగు. మామయ్య గురించి భయపడుతూ రెండేళ్లు గడిపావు, పక్కన ఉన్న మనిషికి నువ్వు చేస్తున్న అవమానం నీ కంట పడలేదు.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను.

మామయ్యతో నువ్వే చెప్పాలి. అమ్మతో చెప్పించకు, స్నేహితులతో చెప్పించకు, ఫోనులో చెప్పకు. అంగడిలో అసలు చెప్పకు, బేరాల మధ్య ఆయన ముఖం దాచుకోవడానికి చోటుండదు. రాత్రి అంగడి కట్టేశాక, ఆయన చేతులు కాళ్లు కడుక్కుని కూర్చున్నాక చెప్పు. మొదటి మాట పెళ్లి గురించే ఉండాలి. 'మామయ్యా, ఈ పెళ్లి నేను చేసుకోలేను. తప్పు మరదలిది కాదు, నేను ఆడపిల్లను ప్రేమించలేను.' ఇంతే. 'మోడలింగ్‌లో స్థిరపడాలి', 'రెండేళ్లు ఆగుదాం' లాంటి సాకులు వెతక్కు. సాకు చెబితే ఆయన రెండేళ్లు ఆగుతాడు, ఆ పిల్లను కూడా ఆపుతాడు. వచ్చిన సంబంధాలన్నీ తిప్పి పంపేస్తాడు.

నోటితో చెప్పలేకపోతే రాసుకుని వెళ్లు. నీకు రాయడం వచ్చు. నాకు రాసినట్టే ఆయనకూ రాసి చేతికి ఇచ్చి, చదివేంతవరకూ పక్కనే కూర్చో. లేచి వెళ్లిపోకు. ఆయన అరుస్తాడు. ఒకటి రెండు దెబ్బలు వేస్తాడేమో కూడా. పెంచిన చెయ్యి కదా అని ఒకసారి భరించడం నీ ఇష్టం, కానీ ప్రాణభయం కలిగితే ఒక్క క్షణం కూడా ఉండవద్దు. అందుకే నీ సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పుస్తకం ముందుగానే చెన్నై గదిలో పెట్టుకో. తిరుపతిలో ఆ రాత్రి ఎక్కడికి వెళ్లాలో ముందే అనుకుని ఉంచుకో. ఇందాక దాచుకోమన్న 40,000 అందుకే. ఆ రాత్రి, ఆ తర్వాతి రోజుల్లో మనసు ఆగకపోతే, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చెయ్యి. పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మరదలికి కూడా ఆ రోజే నువ్వే చెప్పు. ఇంట్లో కేకలు విని, గోడ అవతల నుంచి సగం సగం తెలుసుకునే గతి ఆమెకు రాకూడదు. 'నీలో ఏ లోపమూ లేదు' అన్న వాక్యం నీ నోటి నుంచి ఆమె చెవిన పడాలి. నా దగ్గరకు వచ్చిన ఆమెకు దక్కని మాట అదే.

అమ్మ సంగతి వేరు. అమ్మ ఏడుస్తుంది, దేవుళ్లకు మొక్కుతుంది, మళ్లీ జాతర వేషం మీదే నెపం వేస్తుంది. కొన్ని నెలలు మాట్లాడకపోవచ్చు కూడా. ఆమెకు నెలనెలా డబ్బు పంపడం మాత్రం ఆపకు. అన్న ఇంట్లో తలదించుకుని బతికే పరిస్థితి వస్తే చెన్నైకి తెచ్చుకుని నీ దగ్గర పెట్టుకో. మీరిద్దరూ ఉంటున్న గది ఆమెకు చాలదనుకుంటే పెద్ద గది చూడండి. ఇది నీ బాధ్యత, దీన్ని ప్రేమ పేరుతో తప్పించుకోవడానికి నేను ఒప్పుకోను.

డబ్బు బాకీ ఉందని నీ మనసు ఊరుకోకపోతే డబ్బుతోనే తీర్చు. ఆయన నీ కోసం ఖర్చు పెట్టింది ఒక కాగితం మీద అంచనాగా వేసుకుని, షూటింగ్ డబ్బు వచ్చిన ప్రతిసారీ కొంత పక్కన పెట్టు. ఆయన తీసుకోడు. తీసుకోకపోతే మరదలి పేరు మీద బ్యాంకులో వెయ్యి, ఆమె పెళ్లికో పై చదువుకో పనికొస్తాయి. వయసు మీద పడి ఆయన అంగడి తెరవలేని రోజు వస్తే, నువ్వు ఎక్కడ ఉన్నా వెళ్లి షట్టరు ఎత్తు. ఆయనకు కావలసిన మేనల్లుడు ఆ రోజున కనబడాలి.

మీ ఇద్దరి మధ్య కాగితాలు కూడా సర్దుకోండి. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా రాసుకోవడానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. పెళ్లి గుర్తింపు లేని చోట ఇలాంటి చిన్న కాగితాలే ఆస్పత్రిలోనూ ఆపదలోనూ ఆదుకుంటాయి. మీకు ఇద్దరికీ పెళ్లి బట్టల ప్రకటనలే జీవనాధారం. సంగతి బయటపడితే కొందరు పిలవడం మానేయవచ్చు. అందుకని ఏజెన్సీలో అందరికీ చెప్పనక్కర్లేదు. అది మీ ఇద్దరి ఇష్టం. మామయ్యకు చెప్పడం మాత్రం ఇష్టం మీద వదిలే సంగతి కాదు, ఎందుకంటే అక్కడ మూడో మనిషి జీవితం ఉంది.

ఆయన నిన్ను వెంటనే క్షమిస్తాడని నేను చెప్పను. పరువు పోయిందని కుమిలిపోతాడు, చుట్టాలకు ఏం చెప్పాలో తెలియక అంగడి రెండు రోజులు తెరవకపోవచ్చు. కానీ తండ్రి లేని పసివాణ్ని చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి అతను. అలాంటివాళ్లు మాట్లాడటం మానేసినా మనిషిని మరిచిపోరు. ఆయనకు సమయం ఇవ్వు. పండక్కి ఒక ఫోను చెయ్యి, ఎత్తకపోయినా మళ్లీ పండక్కి చెయ్యి.

కంచి ప్రయాణం ఆదివారం అన్నావు. నిశ్చితార్థం బట్టలు కొన్నాక చెప్పడం ఇంకా కష్టమవుతుంది, వాళ్లకు నష్టం కూడా. శుక్రవారం రాత్రి బస్సుకే తిరుపతికి బయలుదేరు. శనివారం అంగడి కట్టేసే వేళకు మామయ్య ఇంట్లో ఉండు. బస్సు ఎక్కే ముందు ఆ అబ్బాయితో హోర్డింగ్ సంగతి చెప్పి వెళ్లు.